రెండో సబ్‌వూఫర్ కొనాలా? ముందు ఆ ఎర్ర లైటు సంగతి చూడండి

ప్రశ్న: కారులో కొత్తగా 12 అంగుళాల సబ్‌వూఫర్ పెట్టించాను. డబ్బా మీద 1600 వాట్లు అని పెద్దగా వేశారు, లోపలి కాగితంలో మాత్రం ఆర్‌ఎంఎస్ 400, డ్యూయల్ 4 ఓమ్ అని ఉంది. యాంప్లిఫయర్ (యాంప్) పాతదే, నాలుగు ఛానళ్లది, క్లాస్ ఏబీ. ఛానల్‌కు 4 ఓమ్ దగ్గర 75 వాట్లు, 2 ఓమ్ దగ్గర 110, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్ దగ్గర 220 అని దాని పుస్తకంలో ఉంది. ముందు రెండు ఛానళ్లు డోర్ స్పీకర్లకు, వెనక రెండూ బ్రిడ్జ్ చేసి సబ్‌కు ఇచ్చారు. సౌండ్ కొంచెం పెంచగానే యాంప్ మీద ఎర్ర లైటు వెలిగి అంతా ఆగిపోతోంది. బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ఈల. పైగా బేస్ నేను అనుకున్నంత లేదు. ఇలాంటిదే ఇంకో సబ్ వేయమని ఫ్రెండ్ అంటున్నాడు, పెట్టినవాళ్లేమో కెపాసిటర్ వేయించుకోమంటున్నారు. ఏది కొనాలి?

సమాధానం:

ఈ వారానికి ఏదీ కొనకండి. మీ దగ్గర మల్టీమీటర్ లేకపోతే అదొక్కటి తెచ్చుకోండి, మామూలుది చాలు. మీరు రాసిన వాటిలో ఎర్ర లైటు, హెడ్‌లైట్లు మసకబారడం, ఈల, ఈ మూడూ కొత్త సామాను కొంటే పోయేవి కావు. ఉన్న వైర్లు విప్పి మళ్లీ సరిగ్గా బిగిస్తే చాలావరకు పోతాయి. నాలుగోది, అంటే బేస్ చాలకపోవడం, దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతావి సరిచేశాక అసలు అది మిగులుతుందో లేదో కూడా చూడాలి.

ముందు ఎర్ర లైటు. మీ సబ్‌కు రెండు వాయిస్ కాయిల్స్, అంటే స్పీకర్ కోన్‌ను కదిలించే తీగచుట్టలు, ఉన్నాయి, ఒక్కొక్కటి 4 ఓమ్. డ్యూయల్ 4 ఓమ్ అంటే అదే. వాటిని కలపడానికి రెండే పద్ధతులు. ప్లస్‌లు రెండూ ఒకచోట, మైనస్‌లు రెండూ ఒకచోట కలిపితే ప్యారలల్, అప్పుడు యాంప్‌కు కనిపించేది 2 ఓమ్. ఒక కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు ముక్క వైరుతో కలిపి, మిగిలిన ఆ రెండు కొసలనూ యాంప్‌కు ఇస్తే సిరీస్, అప్పుడు 8 ఓమ్. ఈ ఒక్క సబ్‌తో రెండు కాయిల్స్‌నూ వాడుతూ 4 ఓమ్ రాదు, ఎంత తిప్పి కలిపినా రాదు. మీ యాంప్ బ్రిడ్జ్‌లో అడుగుతున్నదేమో సరిగ్గా ఆ 4 ఓమ్‌నే.

మీకు ప్యారలల్‌లోనే కలిపారని దాదాపు పందెం కాయొచ్చు, ఎందుకంటే "ఓమ్ తగ్గితే వాట్లు పెరుగుతాయి" అని అందరికీ తెలుసు, ఎంతవరకు తగ్గించొచ్చో మాత్రం ఎవరూ పుస్తకం తీసి చూడరు. బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు ఛానళ్లు కలిసి ఒకే సబ్‌ను నడుపుతాయి, ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంటుంది. కాబట్టి బయట ఎన్ని ఓమ్‌లు పెడితే అందులో సగమే ఒక్కో ఛానల్ మీద పడుతుంది. 4 ఓమ్ పెడితే ఒక్కో ఛానల్‌కు 2, అది మీ యాంప్ తట్టుకుంటుంది, అందుకే 110 రెండుసార్లు కలిసి 220 అని రాశారు. మీరు 2 ఓమ్ పెట్టారు, అంటే ఒక్కో ఛానల్‌కు 1 ఓమ్. దానికి చేతకాని బరువు ఎత్తమంటున్నారు, అది చేతులెత్తేసి ఎర్ర లైటు వేస్తోంది. నిజానికి ఆ లైటు వెలుగుతున్నందుకు సంతోషించాలి, అది లేకపోతే ఈపాటికి లోపల ట్రాన్సిస్టర్లు కాలి ఉండేవి.

నా మాట నమ్మక్కర్లేదు, కొలవండి. సిస్టమ్ ఆపి, సబ్ వైర్లు రెండూ యాంప్ దగ్గర ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఆ రెండు కొసల మధ్య చూడండి. 1.6 నుంచి 2 మధ్య వస్తే ప్యారలల్. 6.5 నుంచి 7.5 దాకా వస్తే సిరీస్. కాయిల్ మీద రాసిన అంకె కంటే మీటర్ ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది, కంగారుపడొద్దు, మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్, పుస్తకంలో రాసేది నామమాత్రపు ఇంపీడెన్స్, అంటే పాట నడిచేటప్పుడు కాయిల్ చూపే అడ్డు. ఒకవేళ 3.5 దగ్గర చూపిస్తే ఒకే కాయిల్ కలిపి రెండోది గాలికొదిలేశారని అర్థం. కొందరు ఇలా చేసి 4 ఓమ్ తెప్పించామంటారు. తెచ్చారు సరే, సబ్ తట్టుకునే పవర్ సగానికి పడిపోయింది, సబ్‌ను బిగించే పెట్టె కొలతల కోసం కంపెనీ ఇచ్చిన లెక్కలు కూడా దానికి వర్తించవు. వద్దు.

సిరీస్‌లోకి మార్చండి. పావుగంట పని. మీ యాంప్‌కు 8 ఓమ్ కనిపిస్తుంది, ఒక్కో ఛానల్‌కు 4, అంటే 75, 75 కలిపి సుమారు 150 వాట్లు సబ్‌కు వెళ్తాయి.

ఇక్కడ మీరు ఉసూరుమంటారని తెలుసు. "400 వాట్ల సబ్‌కు 150 వాట్లేనా, పాడైపోదా?" తక్కువ పవర్ ఇస్తే సబ్ పాడవడం అనేది లేదు. వాల్యూమ్ తగ్గించి పాటలు విన్నప్పుడల్లా మీరు ఇస్తున్నది తక్కువ పవరే కదా. చాలడం లేదని యాంప్ మీది గెయిన్, బేస్ బూస్ట్ నాబ్‌లు చివరిదాకా తిప్పేసి, యాంప్ ఇవ్వలేనిదాన్ని పిండితే సిగ్నల్ పైన, కింద చదునుగా కోసుకుపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు యాంప్ తన మామూలు రేటింగ్‌ను మించి బయటికి పంపుతుంది, దానికితోడు డోర్ స్పీకర్ల లాంటి చిన్నవాటికి వేడి ఎక్కువై కాయిల్స్ కాలుతాయి. చెడ్డపేరేమో తక్కువ వాట్లకు వస్తుంది.

ఇంకో సంగతి, వాట్లకూ చెవికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. అదే చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు. 150 వాట్ల నుంచి 400కు వెళ్తే వచ్చేది నాలుగు డెసిబెల్స్ పైచిలుకు. తేడా తెలుస్తుంది, కాదనను, కానీ మీరు ఊహించుకుంటున్నంత కాదు. డబ్బా మీది 1600 గురించైతే ఇక చెప్పను, దాన్ని చూసి సబ్ గానీ, వైరు గానీ, ఫ్యూజ్ గానీ ఎంచుకోకండి, ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల లేదా తట్టుకోగల వాట్లు, అదొక్కటే చదవండి.

సరే, హెడ్‌లైట్లు. యాంప్ మీద ఓమ్‌లు సగానికి పడిపోతే అది లాగే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది, అందులో ఎక్కువ భాగం శబ్దంగా కాకుండా వేడిగా పోతుంది, క్లాస్ ఏబీ యాంప్‌లలో మరీను. ఆ దెబ్బకు కారు మొత్తం వోల్టేజ్ ఒక్కసారి కుంగుతుంది. కాబట్టి సిరీస్‌లోకి మార్చాక మసకబారడం చాలావరకు తగ్గాలి. తగ్గకపోతే ఇంజిన్ ఆన్‌లో పెట్టి, బేస్ ఉన్న పాట పెట్టి, బ్యాటరీ టెర్మినల్స్ మీదే వోల్టేజ్ చూడండి. మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. బేస్ పడినప్పుడల్లా అది 12.5కో అంతకన్నా కిందికో జారుతుంటే బ్యాటరీ ముసలిదై ఉండాలి, లేదా టెర్మినల్ బిగుతు తప్పి ఉండాలి, లేదా ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు అంత శక్తి లేకపోవాలి. బ్యాటరీ దగ్గర బాగానే ఉండి, డిక్కీలో యాంప్ టెర్మినల్స్ దగ్గర మాత్రం పడిపోతుంటే తప్పు మధ్యలో ఉన్న కేబుల్‌ది, లేకపోతే గ్రౌండ్‌ది, అంటే యాంప్ మైనస్‌ను కారు బాడీకి కలిపే వైరుది.

కేబుల్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ సబ్‌కు, యాంప్‌కు ఖర్చుపెట్టి ఇక్కడ పిసినారితనం చూపిస్తారు. కిట్ అని ప్యాకెట్లో అమ్మే వాటిలో చాలావాటికి బయట రబ్బరు లావుగా ఉంటుంది, లోపల తీగ సన్నం. ఆ తీగ కూడా రాగి కాకుండా పైన రాగి పూత పూసిన అల్యూమినియం కావచ్చు, సీసీఏ అంటారు. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుందాం. 50 ఆంపియర్లు పోతున్నప్పుడు 8 గేజ్ రాగి తీగలో సుమారు అర వోల్టు పోతుంది, అదే సైజు సీసీఏలో 0.8 దాకా పోతుంది, 4 గేజ్ రాగిలో 0.2 మాత్రమే. అర వోల్టే కదా అనిపిస్తుంది, కానీ గ్రౌండ్ వైపు ఇంకొంత, ఫ్యూజ్ హోల్డర్ దగ్గర ఇంకొంత పోతుంది, అన్నీ కలిసి యాంప్ దాకా చేరేసరికి ఒక వోల్టు మాయం. 4 గేజ్ రాగి వేసుకోండి, రేపు ఇంకో యాంప్ పెట్టినా పనికొస్తుంది. గేజ్‌లో అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందని గుర్తుంచుకోండి, 8 కంటే 4 లావు. చదరపు మిల్లీమీటర్లలో అడిగితే 4 గేజ్ అంటే 21.

ఫ్యూజ్ ఎక్కడ ఉందో చూశారా? బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. చాలామంది ఫ్యూజ్ యాంప్‌ను కాపాడుతుందనుకుంటారు, యాంప్‌కు దాని ఫ్యూజ్‌లు దానికే ఉన్నాయి. ఇది కేబుల్‌ను కాపాడేది, కారు తగలబడకుండా చూసేది. నేను మొదటిసారి సొంతంగా బిగించుకున్నప్పుడు చేతికి అందుబాటులో ఉంటుంది కదా అని ఫ్యూజ్‌ను డిక్కీలో యాంప్ పక్కన పెట్టాను. ఇంజిన్ గదికీ లోపలికీ మధ్య ఉన్న రేకు బెజ్జంలోంచి కేబుల్ తెచ్చాను, బెజ్జం అంచుకు తొడిగే రబ్బరు చుట్టు, అదే గ్రోమెట్, వేయలేదు. మూడు నెలలు ఏమీ కాలేదు. నాలుగో నెలలో ఒకరోజు ఎడమవైపు డ్యాష్‌బోర్డ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన, వెంటనే పొగ. రేకు అంచు రబ్బరును కోసేసింది, తీగ బాడీకి తగిలింది, మధ్యలో ఆపేవాడు ఎవడూ లేడు, ఎందుకంటే ఫ్యూజ్ గారు వెనకాల డిక్కీలో కూర్చున్నారు. పదో నంబరు స్పానర్ సీటు కిందే ఉండబట్టి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి బయటపడ్డాను. ఆ రోజు నుంచి ఎవరి కారు చూసినా బానెట్ ఎత్తి ముందు ఫ్యూజే వెతుకుతాను. 4 గేజ్ రాగికి 80 ఆంపియర్ల ఫ్యూజ్ వేసుకోండి, బెజ్జంలో గ్రోమెట్ తప్పనిసరి.

గ్రౌండ్ దగ్గరికొద్దాం, మీ ఈల చాలావరకు ఇక్కడే పుడుతోందని నా అనుమానం. ప్లస్ కేబుల్ ఎంత లావో గ్రౌండ్ కేబుల్ కూడా అంతే లావు, పొడవు అర మీటరు దాటకుండా ఉంటే మంచిది. బిగించేచోట పెయింట్ గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లటి లోహం కనిపించాక బోల్టు, స్టార్ వాషర్ వేసి బిగించాలి, పైన తుప్పు పట్టకుండా కాస్త గ్రీజో పెయింటో పూయాలి. పెయింట్ మీదే స్క్రూ తిప్పి వదిలేస్తే అది గ్రౌండ్ అనిపించుకోదు. సీట్ బెల్ట్ బోల్టు మాత్రం ముట్టుకోకండి, ప్రమాదంలో మిమ్మల్ని పట్టి ఉంచేది అది. ఎలా ఉందో తెలియాలంటే పాట నడుస్తుండగా యాంప్ గ్రౌండ్ టెర్మినల్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య డీసీ వోల్ట్స్ చూడండి, 0.1 వోల్టుకు అటూ ఇటూగా ఉంటే బాగున్నట్టే. అర వోల్టు చూపిస్తే మళ్లీ గీకండి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల ఆల్టర్నేటర్‌ది. అది ఎక్కడ లోపలికి దూరుతోందో పట్టుకోవడం తేలికే. యాంప్ ఆపి, స్టీరియో నుంచి యాంప్‌కు పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్స్ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. ఈల పోతే అది స్టీరియో వైపు నుంచో ఆర్‌సీఏల్లోంచో వస్తోంది, పోకపోతే యాంప్ పవర్‌లోనో గ్రౌండ్‌లోనో ఉంది. పవర్ కేబుల్, ఆర్‌సీఏ రెండూ ఒకే పక్కన కార్పెట్ కింద కట్టగా కట్టి తెచ్చి ఉంటే విడదీయండి, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. స్టీరియో గ్రౌండ్ కూడా ఒకసారి చూడండి. ఈల ఆపడానికి ఫిల్టర్ డబ్బాలు దొరుకుతాయి కానీ అవి చివరి మాట, ఇల్లు కారుతుంటే కింద గిన్నె పెట్టడం లాంటిది.

ఇవన్నీ అయ్యాక బేస్ సంగతి. ముందు డబ్బు ఖర్చు కాని పని ఒకటి. డ్రైవర్ సీట్లో కూర్చుని పాట వినండి, తర్వాత సబ్‌కు వెళ్లే ప్లస్, మైనస్ రెండూ యాంప్ దగ్గర అటుదిటు మార్చి మళ్లీ అదే పాట వినండి. (యాంప్ మీద ఫేజ్ స్విచ్ ఉంటే 0 నుంచి 180కి తిప్పినా ఇదే.) ఎటు ఎక్కువ నిండుగా ఉంటే అటే ఉంచేయండి. సబ్ ముందుకు తోస్తున్నప్పుడు డోర్ స్పీకర్లు వెనక్కి లాగుతుంటే రెండూ కలిసే చోట బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది, డిక్కీ దగ్గర నిలబడితే గుండె అదిరేలా ఉంటుంది, సీట్లో కూర్చుంటే ఏమీ ఉండదు. ఈ ఒక్క కారణంతో మంచి సబ్‌లను అమ్ముకున్నవాళ్లను చూశాను.

తర్వాత ఫిల్టర్లు. సబ్ ఛానళ్లకు లో పాస్ (కింది స్వరాలనే పోనిచ్చేది) 80 హెర్ట్జ్, డోర్ స్పీకర్లకు హై పాస్ (పై స్వరాలనే పోనిచ్చేది) కూడా అక్కడే 80. రెండోది చాలామంది వదిలేస్తారు. ఆరంగుళాల స్పీకర్‌తో 40 హెర్ట్జ్ పలికించాలని చూస్తే అది వణికిపోయి గొంతు కూడా పాడుచేస్తుంది, ఆ బరువు దించేస్తే అదే స్పీకర్ ఇంకా గట్టిగా, ఇంకా శుభ్రంగా పలుకుతుంది. మీ పెట్టెకు పోర్ట్, అంటే గాలి పోయే గొట్టం లాంటి దారి, ఉంటే మరీ అడుగు స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా పెట్టాలి, పెట్టె ట్యూనింగ్ (పోర్ట్ పలికే హెర్ట్జ్) కంటే నాలుగైదు హెర్ట్జ్ కింద. ట్యూనింగ్ కిందికి వెళ్తే కోన్‌ను పట్టి ఉంచే గాలి ఉండదు, తక్కువ వాట్లకే విపరీతంగా ముందుకు వెనక్కు కొట్టుకుంటుంది. మూసి ఉన్న పెట్టెతో ఈ బెంగ లేదు, బేస్ కొంచెం తక్కువ పలికినా బిగువుగా ఉంటుంది, పైగా కారు లాంటి చిన్న గదిలో అడుగు బేస్ దానంతటదే కొంత పెరుగుతుంది. నాకు మూసి ఉన్న పెట్టే ఇష్టం, కానీ ఇది రుచి సంగతి, వాదించను. పెట్టె లోపలి ఘనపరిమాణం సబ్ కంపెనీ పుస్తకంలో రాసినదానికి దగ్గరగా ఉందో లేదో మాత్రం టేపు పెట్టి కొలవండి, రెడీమేడ్ పెట్టెల్లో ఇది అదృష్టం మీదే ఉంటుంది.

గెయిన్ అనేది వాల్యూమ్ నాబ్ కాదు బ్రదర్, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. స్టీరియో ఇచ్చే వోల్టేజ్‌కూ యాంప్‌కూ జత కుదిర్చేది అది. సబ్ వైర్లు ఊడదీసి, స్టీరియోలో ఈక్వలైజర్ అన్నీ సున్నాలో, బేస్ బూస్ట్ సున్నాలో పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ 0 డెసిబెల్‌ది ప్లే చేసి, వాల్యూమ్ మూడొంతులకు, అంటే 40లో 30 దగ్గర ఉంచి, యాంప్ సబ్ టెర్మినల్స్ మీద ఏసీ వోల్ట్స్ చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. ఎంత దగ్గర ఆపాలంటే వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. మీకు 150 వాట్లు, 8 ఓమ్: 1200కు వర్గమూలం 34.6 వోల్ట్స్. అక్కడ ఆపేయండి. వాల్యూమ్ తగ్గించాకే సబ్ మళ్లీ కలపండి. పాట వింటూ నాబ్ ఇంకొంచెం తిప్పాలనిపిస్తుంది, చేయి అటు పోనివ్వకండి.

ఇన్ని చేసి ఒక నెల విన్నాక కూడా చాలలేదనిపిస్తే అప్పుడు కొనుగోలు మాట. మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, అతనికి కారణం తెలియకపోయినా. అలాంటి సబ్ ఇంకొకటి తెచ్చి, ఒక్కోదాన్ని సిరీస్‌లో 8 ఓమ్ చేసి, ఆ రెండు 8లను ప్యారలల్ చేస్తే వచ్చేది 4 ఓమ్, మీ యాంప్ కోరుకున్నదే. మొత్తం 220 వాట్లు, సబ్‌కు 110 చొప్పున. పవర్ పెరగడం వల్ల ఒకటిన్నర డెసిబెల్, కోన్ వైశాల్యం రెట్టింపైనందుకు 3, మొత్తం నాలుగున్నర పైన. రెండో దారి, సబ్ ఒకటే ఉంచి, 2 ఓమ్ దగ్గర 400 వాట్లు ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డీ (తక్కువ వేడెక్కే రకం) మోనో, అంటే ఒకే ఛానల్ ఉన్న, యాంప్ కొని, కాయిల్స్ ప్యారలల్ చేయడం, ఇందాక లెక్కేసినట్టు నాలుగు పైచిలుకు. అంటే చెవికి రెండూ ఒకటే. తేడా ఎక్కడంటే రెండో సబ్‌కు పెట్టె కూడా రెట్టింపు కావాలి, డిక్కీ మొత్తం పోతుంది, మోనో యాంప్ సీటు వెనక ఇమిడిపోతుంది. నేనైతే మోనో యాంప్ కొంటాను, దానికి గెయిన్ పెట్టేటప్పుడు 400ను 2తో గుణిస్తే 800, వర్గమూలం 28.3 వోల్ట్స్. డిక్కీతో అసలు పని లేదంటే మీ ఫ్రెండ్ దారిలోనే వెళ్లండి, కరెంటు తక్కువ లాగుతుంది కూడా. రెండు సబ్‌లు పెడితే ఒకదాని ప్లస్, మైనస్ తిరగబడకుండా చూసుకోండి.

చివరిగా కెపాసిటర్. 1 ఫారడ్ కెపాసిటర్ బేస్ దెబ్బ పడిన ఆ క్షణంలో కొంచెం ఆసరా ఇస్తుంది, దాన్ని మళ్లీ నింపాల్సింది కూడా ఆ ఆల్టర్నేటరే, కొత్తగా శక్తి ఎక్కడి నుంచీ రాదు. ఆ డబ్బుతో బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు ఉన్న మూడు వైర్లను లావు రాగి తీగతో మార్పించుకోండి, ఆల్టర్నేటర్ వైరుకు మాత్రం ఫ్యూజ్ ఉండాలి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి, పూర్తయ్యాక అదే చివర్న బిగించండి.